తోకచుక్క, తిక్కమనిషి

ఆరేళ్ల కింద నేనొక కథ రాశాను. బాగా లేదు. ఈ వ్యాసం ఒక రకంగా దాని మీద సమీక్షే. రచయిత బతికే ఉన్నాడు, పైగా అతని కోపతాపాలు నాకు బాగా తెలుసు కాబట్టి కాస్త మర్యాదగానే రాస్తాను.

కథలో ఒక ముసలాయన. రోజూ పొద్దున్నే పొలం దగ్గరి బావికి పోతాడు. ముడులేసిన తాడు వదిలి, నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచి, నోటుబుక్కులో తేదీ వేసి రాసుకుంటాడు. పెళ్లికి పోయినా చావుకు పోయినా రాత్రికి ఎట్లాగో ఊరు చేరుకుంటాడు, తెల్లారి కొలత తప్పుతుందని. ఊరు ఆయన్ని 'తిక్కలోడు' అంటుంది. ఇంతవరకు కల్పన లేదు. ఆయన మా పెద్దబాపు. వేములవాడ నుంచి కోరుట్ల దిక్కు పోయేటప్పుడు తగిలే చందుర్తి మాది. ఆ బావి, ఆ తాడు, ఆ బుక్కులు ఇప్పటికీ ఉన్నాయి. నేను కల్పించింది చివరి పేజీ. ఎన్నో ఏళ్ల కింద ఆయన భార్య ఆ బావిలోనే పడి చనిపోయిందని, అందుకే రోజూ అక్కడికి పోతాడని రహస్యం విప్పాను.

కథ బాగానే నడిచింది. కింద కామెంట్లలో ఒకరు 'ఎంత అందమైన ఎక్సెంట్రిక్ క్యారెక్టర్' అని రాశారు. ఆ మాటకు నేను రెండు రోజులు పొంగిపోయాను.

దసరాకు ఊరికి పోతే పెద్దమ్మ గడప దగ్గరే ఆపింది. "నన్నెందుకు సంపినవ్ రా? నీకు నేనేం జేసిన?" అన్నది. మనవరాలు ఫోన్లో చదివి వినిపించిందట. పెద్దబాపు మంచం మీద కూర్చుని అంతా విన్నాడు. తిక్కలోడు అన్నందుకు ఏమీ అనలేదు. పెద్దమ్మను చంపినందుకు కూడా ఏమీ అనలేదు. "ఆ యేడు ఎండకాలం నీళ్లు పన్నెండు గజాల మీద ఉన్నయని రాసినవ్. పద్నాలుగు. బుక్కు సూడకపోయినవా?" అన్నాడు.

ఆ రెండు ఫిర్యాదుల గురించే ఈ ఆరేళ్లు ఆలోచిస్తున్నాను. నా కథలోని తప్పు ఆ రెండింటి మధ్యనే ఎక్కడో ఉంది.

ముందు మాట సంగతి. ఎక్సెంట్రిక్ అనడానికి మనకు మాటలకేం కొదవ. తిక్క, చాదస్తం, వెర్రి, 'అదో రకం మనిషి'. ఎడ్డెమంటే తెడ్డెమనే వాడు. వెర్రి వేయి విధాలని సామెత. వీటిలో ఏదీ కామెంట్లోని ఆ ఇంగ్లీషు మాటంత మర్యాదగా లేదు. తిక్కలోడు అంటే తిట్టు, ఎక్సెంట్రిక్ అంటే మెచ్చుకోలు. రెండూ ఒకే మనిషికి, ఊళ్లో ఒకటి, ఫోన్లో ఒకటి.

ఆ ఇంగ్లీషు మాటకు సరైన తెలుగు మాత్రం నాకు ఇంటర్లోనే తెలుసు. తెలుగు మీడియం ఎంపీసీ చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది: ఉత్కేంద్రత. దీర్ఘవృత్తానికి సున్నాకూ ఒకటికీ మధ్య, పరావలయానికి ఒకటి. మార్కులు వేయించుకుని మరిచిపోయిన మాట. మూలం గ్రీకు. కేంద్రం నుంచి బయటికి జరిగినది అని అర్థం. తమాషా ఏమిటంటే మనం అచ్చమైన సంస్కృతం అనుకునే 'కేంద్రం' కూడా గ్రీకు నుంచే, జ్యోతిషంతో పాటు వచ్చింది. సిద్ధాంత గ్రంథాల్లో 'మందకేంద్రం' అంటే నడిబొడ్డు కాదు, గ్రహం తన ఉచ్చ నుంచి ఎంత దూరం నడిచిందో చెప్పే కోణం. అంటే కేంద్రం అన్న మాటే ఒకప్పుడు కేంద్రంలో లేదు.

ఇప్పుడు అసలు విషయం. ఉత్కేంద్రత అనగానే మనకు కోడిగుడ్డు గుర్తొస్తుంది. బడి పుస్తకాల్లో భూమి కక్ష్యను అట్లాగే సాగదీసి గీస్తారు. అది పక్కనుంచి చూస్తున్నట్టు గీసిన బొమ్మ అని ఎవరూ చెప్పరు. భూమి ఉత్కేంద్రత 0.0167. కాగితం మీద గీస్తే గుండ్రంగానే కనిపిస్తుంది. సరే, అంగారకుడిని తీసుకుందాం. మన దగ్గర ఎన్ని సంబంధాలు చెడగొట్టాడో లెక్కలేని కుజుడు. ఆయన ఉత్కేంద్రత 0.093. భూమికి ఐదు రెట్ల పైన. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంతో ఆయన కక్ష్య గీయండి. అడ్డం దిక్కున వృత్తం కంటే తగ్గేది అర మిల్లీమీటరు కూడా ఉండదు. పెన్సిల్ మొన మందం. కానీ సూర్యుడు మధ్య నుంచి 9 మిల్లీమీటర్ల పైనే పక్కకు జరిగి ఉంటాడు.

ఈ లెక్క మొదటిసారి వేసుకున్నప్పుడు పెన్ను కింద పెట్టేశాను. ఉత్కేంద్రత అంటే ఆకారం వంకర పోవడం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆకారం దాదాపు అందరిదీ ఒకటే. తేడా ఉన్నది సూర్యుడు ఎక్కడ ఉన్నాడన్న దాంట్లో. పెద్దబాపు కూడా అంతే కదా. అందరిలాగే నాట్లు వేశాడు, పిల్లల పెళ్లిళ్లు చేశాడు, బ్యాంకు ముందు లైన్లో నిలబడ్డాడు, అల్లుడితో తగాదా పడ్డాడు. గుండ్రటి బతుకే. మనం ఆయన సూర్యుడు ఇంట్లో ఉంటాడనుకున్నాం. ఆయనకు బావిలో ఉన్నాడు.

తిరగడమంటే మధ్యలో ఏదో ఒకటి ఉండాలన్న భావం మనకు చిన్నప్పుడే పడిపోతుంది. మాకైతే వేములవాడ రాజన్న గుడిలో. కోడె మొక్కు చెల్లించేటప్పుడు కోడెను గుడి చుట్టూ తిప్పి కట్టేస్తారు. మధ్యలో దేవుడు, చుట్టూ మనం, మన చేతిలో తాడు. ఆ కోడె ఎప్పుడూ సమంగా నడవదు. పక్కనున్న వాళ్ల చేతిలోని అరటిపండు వైపు లాగుతుంది. దాని లెక్కలు దానివి. మనం తాడు గుంజి దాన్ని గుండ్రంలోకి తెస్తాం.

ఖగోళశాస్త్రంలో ఆ తాడు దాదాపు రెండు వేల ఏళ్లు గుంజారు. గ్రహాలు వృత్తంలోనే తిరగాలి, అంతకంటే తక్కువ ఆకారం ఆకాశానికి తగదు అన్న నమ్మకం. గ్రహం మాట వినకపోతే పెద్ద చక్రం మీద ఇంకో చిన్న చక్రం తగిలించేవాళ్లు. గ్రీకులు చేశారు, వారి తర్వాత మన ఆర్యభటుడు 499లో మందం, శీఘ్రం అని రెండు రకాల చిన్న వృత్తాలతో చేశాడు. నవ్వాల్సిన పని కాదు. ఆ చక్రాలతో గ్రహణాలు లెక్కగట్టారు, పంచాంగాలు నడిపారు. చిన్న చక్రం పని చేస్తుంది. అందులో ఉన్న చిక్కే అది.

నా కథలో పెద్దమ్మ చావు అలాంటి చిన్న చక్రం. ఒక మనిషి ఎవరికీ అర్థంకాని దాని చుట్టూ తిరుగుతున్నాడు. రచయితగా నేను భరించలేకపోయాను. భార్య, ప్రేమ, పోగొట్టుకున్న దుఃఖం లాంటివి తెచ్చి తగిలిస్తే పాఠకుడికి లెక్క సరిపోయింది. కన్నీళ్లు కూడా సరిగ్గా టైముకు వచ్చాయి. ఈ పని నేనొక్కడినే చేయడం లేదు. ఈమధ్య మన వెబ్ పత్రికల్లో వచ్చే కథల్లో వింత మనిషి కనబడ్డాడంటే మూడో పేజీలో ఒక చావో, చిన్నప్పటి గాయమో ఎదురుచూస్తున్నాను. తొంభై పాళ్లు దొరుకుతుంది. వింతతనానికి కారణం రాయడమే లోతు అనుకుంటున్నాం. నాకిప్పుడు అది భయం అనిపిస్తోంది. కారణం లేకుండా ఎవరైనా వేరే సూర్యుడి చుట్టూ తిరగగలరంటే, మన సూర్యుడు మధ్యలో ఉన్నాడన్న నమ్మకం కదులుతుంది.

కెప్లర్ కథ చాలామందికి తెలిసిందే, కాబట్టి నాకు కావాల్సిన ముక్క మాత్రం చెబుతాను. టైకో బ్రాహి కంటితో, పెద్ద పెద్ద కొలత పరికరాలతో ఏళ్ల తరబడి అంగారకుడి స్థానాలు రాసి పెట్టాడు. ఆయన 1601లో పోయాక ఆ లెక్కలు కెప్లర్ చేతికొచ్చాయి. వృత్తం మీద కెప్లర్ వేసిన లెక్కకూ టైకో కొలతకూ ఒకచోట 8 నిమిషాల కోణం తేడా వచ్చింది. అంటే ఆకాశంలో చందమామ వెడల్పులో పావు వంతు కంటే కొంచెం ఎక్కువ. ఇంకొకరైతే కొలతలో పొరపాటు అని కొట్టేసేవారు. కెప్లర్ కొలతను నమ్మి వృత్తాన్ని వదిలేశాడు. 1609లో వచ్చిన పుస్తకంలో అంగారకుడి దారి దీర్ఘవృత్తమని, సూర్యుడు దాని మధ్యలో కాక ఒక నాభి దగ్గర ఉన్నాడని తేల్చాడు.

పన్నెండు కాదు, పద్నాలుగు. నేను ఆ తేడాను కథకు అక్కర్లేని వివరం అనుకున్నాను. పెద్దబాపు దృష్టిలో కథలో ఉన్న తప్పు అదొక్కటే. పెద్దమ్మ చనిపోలేదన్న సంగతి ఎట్లాగూ అందరికీ తెలుసు, ఆమె ఎదురుగానే ఉంది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మనలో చాలామందికి, ముఖ్యంగా నాలాంటి నగరం చేరినవాళ్లకు, చేతిలో సిద్ధంగా ఉండే అభ్యంతరం. వింతతనమంతా చూసేవాళ్ల కళ్లలోనే ఉంది, సమాజమే ఒకరిని తిక్కవాడిగా తయారు చేస్తుంది అని. సగం నిజం. ఆ సగానికి మన భాషలో వేరే మాట ఉంది: వక్రం.

గ్రహాలకూ మనుషులకూ మనం అవే మాటలు వాడతాం, గమనించారా? గ్రహం వక్రిస్తుంది, మనిషిది వక్రబుద్ధి. సూర్యసిద్ధాంతం గ్రహాలకు ఎనిమిది రకాల గతులు చెబుతుంది. వాటిలో వక్రం ఉంది, కుటిలం ఉంది, మందం ఉంది. ఈ మూడింటికీ వెనక 'బుద్ధి' అని చేర్చి చూడండి, మన ఊరి రచ్చబండ తీర్పులు తయారు. కానీ వక్రగతి నిజానికి గ్రహం చేసే పని కాదు. అంగారకుడు సుమారు 26 నెలలకోసారి ఆకాశంలో వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తాడు. ఆయన ఆగలేదు, తిరగలేదు. లోపలి దారిలో వేగంగా పోతున్న మన భూమి ఆయన్ని దాటేస్తోంది, అంతే. పక్క ప్లాట్‌ఫాం రైలు వెనక్కి పోతున్నట్టు అనిపించడం లాంటిది. వక్రం చూసేవాడి కదలిక వల్ల పుట్టేది. ఉత్కేంద్రత అట్లా కాదు. ఎక్కడి నుంచి చూసినా, ఎవరూ చూడకపోయినా, అంగారకుడి 0.093 అంగారకుడిదే.

ఈ రెండింటినీ విడదీసి చదివితే మన నవలల్లో కొన్ని వేరేగా కనిపిస్తాయి. మొక్కపాటి నరసింహశాస్త్రి పార్వతీశంది పూర్తిగా వక్రం. మొగల్తూరులో అతను చేసే పనులేవీ అక్కడివాళ్లకు వింత కాదు. రైలు, పట్నం, ఓడ, లండన్ దాటుతున్న కొద్దీ వెనక్కి నడుస్తున్నట్టు కనిపిస్తాడు. అతను అక్కడి వేగం అందుకోగానే ఆ వింతతనం తగ్గిపోతుంది. అందుకే మనసులో ముల్లు లేకుండా నవ్వగలం. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు మాత్రం ఊరు మారినా, ఎదురుగా ఉన్న మనిషి మారినా అట్లాగే ఉంటాడు. అతనిది ఉత్కేంద్రత. గోపీచంద్ కారణాలు చాలానే ఇస్తాడు. వంశప్రతిష్ఠ, డబ్బు, అతిగా తనను తాను తవ్వుకోవడం. ఏ ఒక్కటీ పూర్తిగా సరిపోదు, ఆ సరిపోకపోవడమే ఆ నవల బలం అని నా అభిప్రాయం. కానీ గోపీచంద్ కూడా చివరికి అతన్ని శ్మశానంలో చంపేశాడు. నేను పెద్దమ్మను చంపినట్టే. తిక్కమనిషి బతికి, ముసలివాడై, మనవరాలితో వాట్సాప్ చదివించుకునే నవల కోసం ఇంకా ఎదురుచూస్తున్నాను.

వీళ్లందరికంటే ముందే ఈ విషయంలో సరైన చోట వేలు పెట్టినవాడు గురజాడ. 1910లో హేలీ తోకచుక్క వచ్చింది. తోకచుక్క అంటే అరిష్టం, రాజుకు కీడు, ఊరికి కరువు. అప్పుడు ప్రపంచమంతా భయపడింది. భూమి దాని తోకలోంచి పోతుందని, విషవాయువుతో చస్తామని పెద్ద నగరాల్లోనే గగ్గోలు. అదే ఏడు 'ఆంధ్రభారతి'లో వచ్చిన 'ముత్యాల సరాలు'లో గురజాడ ఆ తోకచుక్కను భార్యకు చూపించి మాట్లాడతాడు. అందులో రెండు పోలికలు చేస్తాడు. తోకచుక్క భూమికి దూరపు బంధువని, దారిన పోతూ చూసిపోవడానికి వచ్చాడని ఒకటి. అది సంఘసంస్కరణ ప్రయాణానికి జెండా అని రెండోది. కులాలు కలిసి భోజనాలు చేయడం గురించి గొడవ జరుగుతున్న కాలం, ఆ ప్రస్తావన పద్యంలోనే ఉంది.

మన విమర్శ రెండో పోలికనే ఎత్తుకుంది. వందేళ్లుగా సభల్లో దాన్నే చెబుతున్నాం. నాకు మొదటిదే గట్టిదనిపిస్తుంది. జెండాకు వెనక జనం నడవాలి. తోకచుక్క వెనక ఎవరూ నడవలేరు, దానికి ఎవరూ అక్కర్లేదు కూడా. దాన్ని జెండా చేసిన క్షణం గురజాడ కూడా ఒక చిన్న చక్రం తగిలించాడు, వింతదానికి మనకు పనికొచ్చే అర్థం ఇచ్చాడు. ఆ కాలానికి ఆ అవసరం ఉంది, కాదనను. కానీ 'దూరపు బంధువు' అనడంలో ఇంకా పెద్ద తెగింపు ఉంది. కీడు అని తలుపులు వేసుకునే దాన్ని చుట్టం అన్నాడు. చుట్టం అంటే మన దారిలో నడిచేవాడు కాదు. మనతో ఒక మూలం పంచుకున్నవాడు. భూమీ తోకచుక్కా ఒకే సూర్యుడికి కట్టుబడ్డాయి. ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా.

ఆ చుట్టం లెక్కలు కూడా చూడండి. హేలీ ఉత్కేంద్రత 0.967. ఇది నిజంగా సాగిన దారి. సూర్యుడికి శుక్రుడి కంటే దగ్గరగా వచ్చి, తర్వాత నెప్ట్యూన్‌ను దాటి పోతుంది. గ్రహాలన్నీ ఒక దిక్కున తిరిగితే ఇది ఎదురు దిక్కున తిరుగుతుంది. ఎడ్డెమంటే తెడ్డెం అన్నమాట. అయినా మాట తప్పదు. 1758లో తిరిగి వస్తుందని ఎడ్మండ్ హేలీ 1705లో లెక్కగట్టాడు. ఆయన 1742లో పోయాడు. తోకచుక్క 1758 క్రిస్మస్ రాత్రి కనబడింది. తర్వాత 1835, 1910, 1986. దూరం పోవడాన్ని మనం వదిలేసి పోవడం అనుకుంటాం.

మా దిక్కు వాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. చందుర్తి, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల దుబాయి, సౌదీ, మస్కట్ పోని ఇల్లు వెతకాలి. రెండేళ్లకు ఒకసారి వస్తారు, రెండు నెలలు ఉంటారు. ఆ రెండు నెలలు ఎట్లా పరిగెత్తుతాయో, మిగతా కాలం ఎట్లా ఈడుస్తుందో కెప్లర్ రెండో నియమం చెబుతుంది: సూర్యుడికి దగ్గరైనప్పుడు వేగం, దూరమైనప్పుడు నిదానం. హేలీ దగ్గరికి వచ్చినప్పుడు సెకనుకు 54 కిలోమీటర్లు, చివరన ఒక్క కిలోమీటరు కూడా లేదు. అట్లా వచ్చినవాళ్లను చూసి 'దుబాయి పోయొచ్చి మారిండు, వేరే తీరుగ మాట్లాడుతుండు' అంటాం. అందులో ఎంత వక్రమో ఎంత ఉత్కేంద్రతో ఆ రెండు నెలల్లో తేల్చడం కష్టం.

హేలీ 2023 డిసెంబరులో తన దారిలో అన్నిటికంటే దూరపు కొసకు చేరి, మళ్లీ ఇటు తిరిగింది. 2061 జూలైలో వస్తుంది. ఈ వ్యాసం చదువుతున్న చాలామంది అప్పటికి ముసలివాళ్లై ఉంటారు.

ఆ కథ మళ్లీ రాస్తున్నాను. ఈసారి ముందు బుక్కులు చూశాను. పదకొండు ఉన్నాయి, అట్టలు ఊడిపోయినవి, కొన్నిటికి చెదలు. తేదీ, గజాలు, అప్పుడప్పుడు 'వాన' అన్న ఒక్క మాట. వేరే ఏమీ లేదు. పెద్దమ్మ పేరు లేదు, పిల్లలు పుట్టిన తేదీలు లేవు. దుఃఖం వెతుకుతూ తిప్పాను, అలవాటు పోదు కదా. దొరకలేదు. కొన్నేళ్లు వరుసగా నీళ్లు లోపలికి పోతూనే ఉన్నాయి, ఒక ఎండాకాలం మొత్తం సున్న చుట్టి ఉంది. బావి ఎండిపోయినా రోజూ పోయి సున్న చుట్టి వచ్చాడు.

ఎందుకు కొలుస్తావ్ పెద్దబాపూ అని అడిగాను. అడగకూడదనుకునే పోయాను, అయినా అడిగాను.

"కొల్వకపోతే ఎంతుందో ఎట్ల తెలుస్తదిరా" అన్నాడు.

ఈ జవాబు కథలో ఎట్లా పెట్టాలో ఇంకా తెలియలేదు. చివర పెడితే తెలివిగా కనబడుతుంది, అది ఆయన ఉద్దేశం కాదు. మధ్యలో ఎక్కడో, నాట్ల కూలి లెక్కలు మాట్లాడుకుంటున్న చోట పెట్టాలని చూస్తున్నాను. పద్నాలుగు మాత్రం మొదటి వాక్యంలోనే ఉంది. పోయిన వారం ఆ సంగతి ఫోన్లో చెబితే పెద్దబాపు సరే అని ఫోన్ పక్కకిచ్చాడు.

"ఈసారన్న నేను బతికుంటనారా?" అన్నది పెద్దమ్మ.

ఉంటవు అన్నాను.